ఎనిమిది ముళ్ళు, ఒక జారుముడి

జూలై 3, గురువారం. సాయంత్రం 5.40

ఈ తప్పు చేసింది మా హెచ్చెమ్ మేడమ్. ఇంకెవరూ కాదు. ముందు ఇది రాసిపెట్టుకుంటాను. రేపటికి కోపం చల్లారితే మాట మెత్తబడుతుంది.

జరిగింది జరిగినట్టు. పొద్దున పదకొండూ పదికి మూడో తరగతికి ఆటల పీరియడ్. మా అక్క కూతురు చిటికె పరుగు పందెంలో సగం దూరం వెళ్ళి కూలబడింది. అసలు పేరు వేరే. ఎప్పుడూ వేళ్ళతో చిటికెలు వేస్తూ తిరుగుతుంది, అందుకని ఇంటా బయటా చిటికే. దానికి ఉబ్బసం. మెడ నరాలు పొంగి, ఊపిరి ఈలలా వస్తోంది, మాట రావడం లేదు. ఇన్‌హేలర్ దాని బ్యాగులో ఉండాలి. లేదు. బడి తెరిచిన రోజే ప్రేయర్‌లో మేడమ్ ఆర్డర్: ఏ పిల్ల బ్యాగులోనూ మందు కనిపించకూడదు, అన్నీ ఆఫీసు రూములో ఇనప బీరువాలో ఉంటాయి, తాళంచెవి నా దగ్గరుంటుంది. ఈరోజు ఆ తాళంచెవి మేడమ్ హ్యాండ్‌బ్యాగులో కూర్చుని మీటింగ్‌కి వెళ్ళింది. ఫోన్ స్విచాఫ్.

పద్నాలుగు నిమిషాలు. నేను గోడ గడియారం చూస్తూనే ఉన్నాను. చిటికె పెదాలు నేరేడు రంగుకి తిరిగాయి. నేను ఈ బడిలో టెంపరరీ క్లర్కుని. హాజరు పట్టీలు, ఉత్తరాలు, జిరాక్సులు నా పని. బీరువాలు విరగ్గొట్టడం నా పని కాదు. గంట కొట్టే ఇనప సుత్తి తీసుకుని మూడు దెబ్బలు వేశాను. గొళ్ళెం ఊడింది. ఇన్‌హేలర్‌కి గొట్టం తగిలించి ఒక పఫ్, ఆగి ఇంకో పఫ్. ఆటోలో హెల్త్ సెంటర్. నర్సు ఛాతీ విని, ఇంకాస్త ఆలస్యమైతే ఇక్కడికి కాదు, పెద్దాసుపత్రికే వెళ్ళేవాళ్ళు అంది.

రెండింటికి మేడమ్ వచ్చింది. 'వచ్చారు' అని రాయబుద్ధి కావడం లేదు. వచ్చి, బీరువా వైపు చూసి, ఇది ఎవరు విరగ్గొట్టారు అని అడిగింది. పిల్ల ఎలా ఉంది అని తర్వాత అడిగింది.

ఆ 'తర్వాత'ని నేను చచ్చినా మర్చిపోను.


జూలై 4, శుక్రవారం. లంచ్ బెల్ తర్వాత

ఉద్యోగం ఊడిందనుకునే వెళ్ళాను. అనాల్సిన మాటలు బస్సులో బట్టీ పట్టాను. పిల్లల ప్రాణం తాళంచెవికి తాకట్టు పెట్టే హక్కు ఎవరికీ లేదు అనేది మొదటి వాక్యం. బాగా వచ్చింది.

అనడానికి చాన్సే దొరకలేదు. మేడమ్ టీ తెప్పించింది. నాకు కూడా. నేను తాగలేదు. చల్లారాక తాగాను.

కరపత్రాలు చదివి కేకలేసేవాళ్ళని చాలామందిని చూశాను, తాళంచెవి పట్టుకునేవాళ్ళు మాత్రం ఒక్కరూ దొరకలేదు, నువ్వు పట్టుకుంటావా అంది మేడమ్. కొత్త గొళ్ళెం, కొత్త తాళం, రెండు చెవులు. ఒకటి నాకు ఇచ్చింది. ఇన్‌హేలర్ మాత్రం టీచర్ టేబుల్ సొరుగులో పెట్టుకోవచ్చట. ఆ బీరువా, అంటే మందుల అలమరా, ఇవాళ్టి నుంచి నా పూచీ అట.

ఎగతాళో, నమ్మకమో తెలియలేదు. ఎగతాళే అయ్యుంటుంది. చూపిస్తాను.


జూలై 6, ఆదివారం. పొద్దున

మంచం కింది పెట్టెలోంచి కరపత్రాలన్నీ తీశాను. నా లైబ్రరీ ఇదే. కార్మిక సంఘం వాళ్ళు పంచినవి, హెల్త్ సెంటర్ గోడ దగ్గర దొరికినవి, బస్టాండులో ఎవరూ తీసుకోకపోతే నేను రెండేసి తీసుకున్నవి. బడిలో మందులు ఎలా ఉంచాలి అన్నదాని మీద ఒక్కటే ఉంది, అదీ రెండో పేజీ చిరిగిపోయి. మొదటి పేజీలో ఉన్నది ఇది: ఒక పద్ధతి ఉండాలి, అందరికీ ఒకే పద్ధతి ఉండాలి, రాతపూర్వకంగా ఉండాలి.

అక్క చిటికె గొట్టాన్ని గోరువెచ్చటి నీళ్ళలో కడిగి ఆరబెడుతూ నా మీద పడింది. అక్క షర్టుల కంపెనీలో కాలర్లు కుడుతుంది. నువ్వు సుత్తి పట్టుకున్నావని ఊరంతా చెప్పుకుంటున్నారు, సంతోషం, రేపు చిటికెని ఆ బడిలోంచి పంపించేస్తే నేను దీన్ని ఒళ్ళో పెట్టుకుని కాలర్లు కుట్టాలా, అంది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది, నీకు రెండూ లేవు అంది.

చిటికె మధ్యలో దూరి, పిన్నీ, ఇంకోసారి బీరువా పగలగొడతావా, నేను లోపల్నుంచి చూస్తాను అంది.

నవ్వొచ్చింది. అక్కకి మాత్రం రాలేదు. అక్క కళ్ళు తుడుచుకుని మళ్ళీ కడగడం మొదలుపెట్టింది, కడిగిన గొట్టాన్నే.


జూలై 7, సోమవారం. సాయంత్రం

ఇవాళ అలమరా తెరిచాను. నా కళ్ళు నేనే నమ్మలేదు.

తొమ్మిది మంది పిల్లల మందులు. ప్రతి సీసా మెడకీ, ప్రతి డబ్బాకీ రంగు దారాలు. పచ్చ దారం, ఎర్ర దారం, నీలం దారం. దారాలకి ముళ్ళు. ఒకటి, రెండు, మూడు. కొన్నిటికి జారుముడి. మందుల అలమరానా, దర్జీ పెట్టెనా? ఇదంతా ఆయమ్మ పనట. ఆయమ్మ అంటే ఈ బడికి పదిహేనేళ్ళుగా గంట కొట్టే మనిషి, నీళ్ళు పట్టే మనిషి, పడ్డ పిల్లల్ని లేపే మనిషి. మేడమ్ తాళం తీస్తే మందులు వేసేదీ ఆమే. ఎవరు నేర్పారు, ఏ పద్ధతి, ఎక్కడ రాసుంది అంటే ఎవరికీ తెలీదు.

ఇది మూఢత్వం అన్నాను. గట్టిగానే అన్నాను. కత్తెర తీసుకుని దారాలన్నీ కత్తిరించాను. కొట్టు నుంచి ఒకే రకం తెల్ల ప్లాస్టిక్ డబ్బాలు తెచ్చి, మందుల షాపు అట్టపెట్టెలు పారేసి, బిళ్ళలన్నీ వాటిలో పోశాను. ఒక్కో డబ్బాకీ ప్రింటు తీసిన లేబుల్. పిల్ల పేరు, తరగతి, మందు, టైమ్. గోడకి చార్ట్: 'లేబుల్ చూసి మాత్రమే మందు ఇవ్వాలి.' 'మాత్రమే' కింద గీత.

ఆయమ్మ గుమ్మం దగ్గర నిలబడి అంతా చూసింది. తెగిన దారాలు చీపురుతో చేటలోకి ఎత్తుకుంది. బావుందమ్మా కరపత్రం, అన్నీ తెల్లగా, అక్కచెల్లెళ్ళలా ఉన్నాయి, అంది. (ఆమె నన్ను పేరు పెట్టి పిలవదు. కరపత్రమే.) తర్వాత గంట కొట్టడానికి వెళ్ళిపోయింది.

ఇలా ఉండాలి అలమరా అంటే.


జూలై 8, మంగళవారం

మేడమ్ చార్ట్ చూసి, అక్షరాలు ఇంకాస్త పెద్దవి వేయాల్సింది అని మాత్రం అంది. ఓర్వలేనితనం.


జూలై 10, గురువారం. సాయంత్రం 6.10

ఈ తప్పు చేసింది నేను. ఇంకెవరూ కాదు.

మొదట్నుంచి రాస్తాను.

మొన్నా నిన్నా మందులు నేనే వేశాను. ఇవాళ పన్నెండింటికి పరీక్ష పేపర్లు తేవడానికి మేడమ్ నన్ను ప్రెస్‌కి పంపింది. నా తాళంచెవి ఆయమ్మకి ఇచ్చి, అన్నీ లేబుల్ మీద ఉన్నాయి, చూసి ఇచ్చెయ్ అన్నాను. ఆమె ఏదో అడగబోయింది. బస్సు వచ్చేసింది. చార్ట్ చూడు, చార్ట్ అని అరిచి ఎక్కేశాను.

ఐదో తరగతి లీడర్ పాప. క్లాస్ మొత్తాన్ని కంటిచూపుతో కూర్చోబెట్టే పిల్ల. దానికి ఫిట్స్. పన్నెండూ ముప్పావుకి ఒక తెల్ల బిళ్ళ. నాలుగేళ్ళలో ఈ బడిలో ఒక్కసారి కూడా ఫిట్స్ రాలేదు, ఎందుకంటే నాలుగేళ్ళలో ఒక్క బిళ్ళా తప్పలేదు. పక్క డబ్బా రెండో తరగతి తుమ్ముల పాపది. అలర్జీ బిళ్ళ. అదీ తెల్లదే, గుండ్రటిదే, అంతే సైజు. నేను రెండిటినీ ఒకే రకం డబ్బాల్లో పోశాను. పక్కపక్కన నిలబెట్టాను. అక్కచెల్లెళ్ళలా.

ఒకటిన్నరకి నేను వచ్చేసరికి లీడర్ ఆఫీసు గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడి ఉంది. నా బిళ్ళకి మధ్యలో గీత ఉంటుంది, ఇవాళ్టి దానికి లేదు, మింగాక గుర్తొచ్చింది, ఎవరికి చెప్పాలో తెలీక మీకోసం నిలబడ్డాను, అంది. ఎంతసేపట్నుంచి అంటే, మీరు వచ్చేదాకా అంది.

పేపర్ల కట్టతోనే మేడమ్ గదికి పరిగెత్తాను. కోపం వచ్చినప్పుడు నాకు వంద మాటలు వస్తాయి. ఇవాళ నాలుగే వచ్చాయి.

ఫోన్ చేసింది మేడమ్. హెల్త్ సెంటర్‌కి, అక్కణ్ణుంచి పాప డాక్టర్‌కి. ఏ మందు, ఎన్ని గంటలకి, ఎంత డోసు, అన్నీ ఆవిడే అడిగి తెలుసుకుని చెప్పింది. మీ అంతట మీరు ఏదీ వేయకండి అన్న డాక్టర్, టైమ్ లెక్క చూసుకుని, దాని బిళ్ళ ఇప్పుడే వేయండి, నిద్రమత్తు వస్తుంది, పక్కన ఒక మనిషి కూర్చోండి, అన్నాడు. స్టాఫ్ రూము బెంచీ మీద పడుకోబెట్టి పక్కన నేను కూర్చున్నాను. మూడున్నర దాకా. దాని కనురెప్ప అదిరినప్పుడల్లా వంగి ఊపిరి చూశాను. మూడున్నరకి లేచి, లెక్కల పీరియడ్ అయిపోయిందా అని అడిగింది. అయిపోయిందంటే మళ్ళీ పడుకుంది.

తుమ్ముల పాపకి ఏ బిళ్ళా వేయలేదు. రెండో డబ్బా తెరిచేటప్పుడు ఆయమ్మకి చేతులు రాలేదట.

ఒకటి రాయాలి. నేను పేపర్ల కట్ట పడేసి, తప్పు మందు పడిపోయింది మేడమ్ అన్నప్పుడు ఆవిడ మొట్టమొదట అడిగింది, పిల్ల ఎక్కడుంది అని.


జూలై 11, శుక్రవారం. పొద్దున 7

లీడర్ తండ్రికి నేనే ఫోన్ చేశాను నిన్న సాయంత్రం. సిటీ బస్సు డ్రైవర్. డ్యూటీ దిగి యూనిఫామ్‌లోనే వచ్చాడు. మొత్తం చెప్పాను. నేనే డబ్బాలు మార్చానని కూడా. అరుస్తాడనుకున్నాను, అరిస్తే బాగుండేది. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని, మీరు చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు కదా అన్నాడు. పాప చెప్పేది అన్నాను. అవును, అది చెప్పేస్తుంది అన్నాడు, కొంచెం నవ్వుతూ. పాపని భుజాన వేసుకుని వెళ్ళాడు. అది నడుస్తానంటూనే ఉంది.


జూలై 11. సాయంత్రం

మేడమ్ గదిలో ముగ్గురం. నేను, ఆవిడ, ఆయమ్మ.

ఆయమ్మ నిలబడే ఉంది. కూర్చోమన్నా కూర్చోలేదు. వేసింది నా చెయ్యి, ఈ పిల్లనేమీ అనకండి, అంది. లేబుల్ చూడలేదా అని మేడమ్ అడిగింది. ఆయమ్మ గోడ వైపు, నా చార్ట్ వైపు చూసింది. 'మాత్రమే' కింద నా గీత వైపు.

చూశానమ్మా, చూస్తే ఏం లాభం, అంది. అక్షరం ముక్క రాదు నాకు, సంతకం ఒక్కటే వచ్చు, అదీ బొమ్మ గీసినట్టు గీస్తా, పన్లో చేరేటప్పుడు వచ్చని చెప్పా, పదిహేనేళ్ళు ఆ అబద్ధం మీదే గంట కొట్టా, అంది. మరి ఇన్నాళ్ళూ ఎలా ఇచ్చావని మేడమ్ అడిగింది. దారం చదివేదాన్ని, అంది.

పచ్చ దారం అంటే భోజనం తర్వాత. నీలం అంటే ముందు. ఎర్ర దారం అంటే రోజూ కాదు, ఊపిరాడకపోతేనో, పడిపోతేనో. ముళ్ళు ఎన్నో బిళ్ళలు అన్ని. సగం బిళ్ళకి జారుముడి. అట్టపెట్టె బొమ్మ చూసి ఏ పిల్లదో గుర్తు. నేను మూఢత్వం అన్నది ఇదీ. పదిహేనేళ్ళు ఒక్క తప్పు లేదు. నా పద్ధతికి నాలుగో రోజుకే తప్పు.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని సామెత. ఇక్కడ నాలుక ఊడగొట్టిన చెయ్యి నాది.

నాకు ఏడుపొచ్చింది. ఆయమ్మే నా వీపు తట్టింది. పోనీలే కరపత్రం, నీకు దారం రాదు, నాకు అక్షరం రాదు, ఇద్దరం నిరక్షరాస్యులమే, అంది.

మేడమ్ అప్పుడు ఒకటి చెప్పింది. పాత బడిలో ఇద్దరు పిల్లలు ఒకరి బ్యాగులో బిళ్ళలు చాక్లెట్లని చెరిసగం పంచుకున్నారట. ఒక పిల్ల మూడు రోజులు ఆసుపత్రిలో ఉందట. అప్పట్నుంచి తాళం అంటే ధైర్యం నాకు, మూసేస్తే చాలనుకున్నా, ఆ మూసిన తలుపు వెనకాల మీ చిటికె ఊపిరి కూడా ఉందని తోచలేదు, అన్నారు.

'అన్నారు' అని రాశాను. చెయ్యి దానంతటదే రాసింది.

జరిగిందంతా రిజిస్టర్‌లో ఎక్కించాం. నా పేరు మొదట. దాస్తే ఇంకో పిల్లకి ఇంకో రోజు జరుగుతుంది, అన్నారు మేడమ్. ఈ మాట ఏ కరపత్రంలోనూ చదవలేదు.


జూలై 12, శనివారం

బడి కమిటీ పెద్దాయన (కలప డిపో, పెద్ద గొంతు) రిజిస్టర్ చదివి ఆర్డర్ వేశాడు: ఇరవై ఒకటో తేదీ నుంచి బడిలో ఏ పిల్లకీ ఏ మందూ ఇవ్వరాదు, అవసరమైనవాళ్ళు తల్లిదండ్రుల్ని రప్పించుకోవాలి, లేదా ఇంట్లో ఉండాలి, ఆయమ్మ సంగతి తర్వాత.

తొమ్మిది మంది పిల్లలు.


జూలై 13, ఆదివారం. మధ్యాహ్నం

అక్క ఆర్డర్ కాపీ చదివి మిషన్ మీద తల పెట్టుకుంది. కంపెనీలో రెండుసార్లు పర్మిషన్ అడిగితే మూడోసారి గేటు చూపిస్తారు. చిటికె బడి మానాలి, లేదా అక్క పని మానాలి. నన్ను తిట్టలేదు. తిట్టకపోతే భయం వేసింది.

కరపత్రాల పెట్టె తీశాను. మూసేశాను. వీటిలో దీనికి జవాబు లేదు.

పెద్దాయన ఇంటి ముందు కూర్చుని నినాదాలు చేస్తానన్నాను. అక్క అప్పుడు తల ఎత్తింది. నీ గొంతు పోతుంది, ఆయన డిపో రంపం చప్పుడులో అది వినపడను కూడా వినపడదు, అరిచే పని కాదే ఇది, కుట్టే పని, అంది. లేచి కంపెనీ నుంచి తెచ్చుకున్న దారపు ముక్కల సంచి తీసింది. పచ్చ, ఎరుపు, నీలం. పద, ఆ ఆయమ్మ ఇల్లెక్కడ అంది.

సాయంత్రం 6

ఆయమ్మ ఇల్లు ఒకే గది. చాప మీద కూర్చుని ఆమె చెప్తూ ఉంటే నేను రాశాను. దారాల నిఘంటువు. నాలుగు పేజీలు. మధ్యలో నన్ను కళ్ళు మూసుకోమని చేతిలో ఒక దారం పెట్టి, చదువు అంది. రెండు ముళ్ళు, ఒక జారుముడి, అంటే రెండున్నర అన్నాను. రంగు అంది. కళ్ళు మూసుకుంటే రంగెలా తెలుస్తుంది అన్నాను. అందుకే ఒక్క దాన్నే నమ్మకూడదు, అంది.

ఆ మాట నాలుగు పేజీల పైన పెద్దక్షరాలతో రాశాను.


జూలై 16, బుధవారం

హెల్త్ సెంటర్ నర్సు దగ్గరికి మూడు సాయంత్రాలు. నేను, ఆయమ్మ, మూడో తరగతి టీచర్, ఇవాళ మేడమ్ కూడా.

మందు దాని సొంత పెట్టెలోనే ఉండాలి, షాపు లేబుల్‌తో సహా. ఇంకో డబ్బాలో పోశామా, అది మందు కాదు, అడ్రసు లేని ఉత్తరం, అంది నర్సు. నా వైపు చూడకుండానే అంది, మంచి మనిషి. డాక్టర్ చీటీ, తల్లి సంతకం లేకుండా తుమ్ముకి కూడా బిళ్ళ వద్దు. గడువు తేదీ నెలకోసారి చూడాలి. మందు వేసే ముందు పిల్ల తన పేరు తనే చెప్పాలి, మనం చెప్పి ఊ అనిపించుకోకూడదు. ఏ పిల్ల, ఏ మందు, ఎంత, ఎలా, ఎప్పుడు. వేసిన వెంటనే రాయాలి, వేసే ముందు కాదు. ఊపిరి మందుకి తాళం వద్దు, అది పిల్ల ఎక్కడుంటే అక్కడుండాలి. సొరుగూ చాలదు, సొరుగు ఆటస్థలానికి నడిచి రాదు.

మిగతావాటికి తాళం ఉండాలి. మేడమ్ నా వైపు చూశారు. తాళం అనే మాటని నేను రెండు వారాలుగా తిడుతున్నాను మరి.

మా సొంతంగా కలిపింది ఒకటుంది. పెట్టె మీద పిల్ల ఫోటో, పెట్టె చుట్టూ దారం. ఒకరు లేబుల్ చదవాలి, ఒకరు దారం చదవాలి. రెండూ ఒకే మాట చెప్తేనే బిళ్ళ బయటికి. నర్సు ఒక్క నిమిషం ఆలోచించింది. ఇది నేనెక్కడా చూడలేదు, తప్పేమీ కనిపించడం లేదు, లేబుల్ చదివే మనిషి మాత్రం లేకుండా ఎప్పుడూ వేయకండి, అంది. ఆయమ్మ నా డొక్కలో పొడిచింది.


జూలై 19, శనివారం. సాయంత్రం

కమిటీ మీటింగ్. పెద్దాయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, బడంటే చదువు చెప్పేది, ఆసుపత్రి కాదు, రేపు ఏదైనా జరిగితే ఎవరి మెడకి, మనకెందుకీ తలనొప్పి అన్నాడు. నా ఒళ్ళు భగ్గుమంది. లేచాను. మేడమ్ బల్ల కింద నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు. సుత్తి తర్వాత, ముందు దారం, అన్నారు గుసగుసగా. ఆవిడకి జోకులు వచ్చని నాకు తెలీదు.

ఆవిడే లేచి మొత్తం చెప్పారు. నా తాళంతో ఒక తప్పు, నా క్లర్కు డబ్బాలతో ఒక తప్పు, రెండూ రాసే ఉన్నాయి, పద్ధతి లేని రోజుల్లో జరిగినవి మాత్రం రాసేవాళ్ళే లేరు, అన్నారు.

అప్పుడు వెనక బెంచీలోంచి డ్రైవర్ లేచాడు. లీడర్ తండ్రి. తప్పు మందు మింగింది నా కూతురే, మాట్లాడే హక్కుంటే నాకుంది అన్నాడు. బ్రేక్ ఫెయిలైతే బస్సు షెడ్డుకి పంపుతాం సార్, బాగుచేస్తాం, టెస్ట్ చేసి రోడ్డెక్కిస్తాం, ఇవాళ్టి నుంచి ఊరంతా నడిచి వెళ్ళండి అని బోర్డు పెట్టం, అన్నాడు. ఇంతకుముందు బడిలో ఫిట్స్ అని తెలిసి టీసీ చేతిలో పెట్టారు, ఇక్కడ ఆయమ్మ ముడి వేసింది, ఆ ముడి మీద నాలుగేళ్ళు నేను నిశ్చింతగా స్టీరింగ్ పట్టుకున్నా, అన్నాడు.

పెద్దాయన కళ్ళజోడు కిందికి దించి, ఎక్కడా ఆ ముడి అన్నాడు. ఆయమ్మ ఒక పెట్టె తెచ్చి చేతిలో పెట్టింది. ఆయన అటూ ఇటూ తిప్పాడు. డిపోలో చదువు రాని కూలీలు దుంగలకి సుద్దతో గీతలు గీస్తారు, ఒక్క దుంగ తారుమారు కాదు అన్నాడు, తనలో తాను అనుకున్నట్టు. ఆయమ్మ, అయితే మీకు దారం వచ్చేసినట్టే బాబూ అంది. మొదట నవ్వింది ఆయనే.

తీర్పు: ఆర్డర్ వారం రోజులు వాయిదా. ఇరవై ఎనిమిది సోమవారం ప్రేయర్ బెల్‌కి ముందే తొమ్మిది మంది డాక్టర్ చీటీలు, తొమ్మిది సంతకాలు, తొమ్మిది సొంత పెట్టెలు ఆయన కళ్ళతో చూడాలి. ఒక్కటి తగ్గినా ఆర్డర్ అమలు. ఆయమ్మ ఉద్యోగం? అక్షరం చదివే మనిషి పక్కనుంటే ఉంటుందట.

పక్కన మనిషిని నేనే.


జూలై 23, బుధవారం

నాలుగు వచ్చాయి. ఐదు రావాలి. తుమ్ముల పాప వాళ్ళమ్మ, బిళ్ళే కదా దానికి కాగితమెందుకు అంది. నేను అరవలేదు. పదకొండు నిమిషాలు అరవకుండా మాట్లాడాను. సంతకం పెట్టింది.

ఐదు.


జూలై 24, గురువారం. సాయంత్రం

మూడో తరగతి గుమ్మం పక్కన మేకు. ఊపిరి మందు సంచీ దానికి వేలాడుతుంది, అక్క కుట్టిన సంచీ, ఎర్ర దారంతో. క్లాసు ఆటస్థలానికి వెళ్తే టీచర్ భుజాన అదీ వెళ్తుంది. మేకు కొట్టింది మేడమ్. గంట సుత్తితోనే. ఈ సుత్తి పనికొచ్చేదేనన్నమాట అన్నారు.

సాయంత్రం రిజిస్టర్ తిరగేస్తుంటే కనిపించింది: 'మూడో తరగతి. చిటికె (అసలు పేరు పక్కన). ఆటస్థలం. 11.20కి ఆయాసం. 11.21కి రెండు పఫ్‌లు. 11.30కి మామూలు. తల్లికి ఫోన్ చేశాం.' టీచర్ సంతకం.

నాకు ఎవరూ చెప్పను కూడా చెప్పలేదు. నేను ఆఫీసులో హాజరు పట్టీలు కూడుకుంటూ ఉన్నాను.

ఒక్క నిమిషం. పద్నాలుగు కాదు, ఒకటి.


జూలై 25, శుక్రవారం

ఎనిమిది.

తొమ్మిదోది అక్కదే. డాక్టర్ చీటీ కోసం రేపు అరపూట పర్మిషన్ అడిగింది. ఇచ్చారు. సూపర్‌వైజర్ కొడుక్కీ ఉబ్బసమట, సంచీ కొలతలు అడిగిందట.


జూలై 26, శనివారం. మధ్యాహ్నం

తొమ్మిది.

నా మొదటి కరపత్రం. నేను చదివింది కాదు, రాసింది. గేటుకి అంటించాను:

అమ్మలకీ నాన్నలకీ. సోమవారం ఉదయం ఎనిమిదిన్నరకి బడి హాల్లోకి రండి. మందు దాని సొంత పెట్టెలోనే తీసుకురండి. చీటీ తీసుకురండి. పిల్లని తీసుకురండి, తన పేరు తనే చెప్తుంది. తొమ్మిది ఇళ్ళవాళ్ళూ రండి. మందు అక్కర్లేని ఇళ్ళవాళ్ళూ రండి.

ఆయమ్మ చూసింది. ఏం రాశావు అంది. చదివాను. నాలాంటి అమ్మలు కూడా ఉంటారు కదా అంది. కొంగు ముడి విప్పి దారం తీసి కాగితం కింద కట్టింది.

తెల్ల దారం. ఎనిమిది ముళ్ళు, ఒక జారుముడి.